రాకాసి గుళ్లు, పాటిగడ్డల మీద డ్రోన్: ఊరి పిల్లలకు నేర్పే పద్ధతి

నాలుగు బండలు నిలబెట్టి మీద పెద్ద పలక కప్పినట్టుండే కట్టడాలు గుట్టల వారన కనిపిస్తాయి. తెలంగాణ పల్లెల్లో వాటిని రాకాసి గుళ్లంటారు. వాటిని కట్టింది రాక్షసులు కాదు. ఇనుపయుగంలో ఇదే నేల మీద బతికిన మనుషులు తమవాళ్లను సాగనంపిన చోట్లవి. వాళ్లు కాపురమున్న చోటు చాలాసార్లు ఆ దగ్గర్లోనే పాటిగడ్డ పేరుతో ఉంటుంది: బూడిదరంగు మట్టి, నల్లవి ఎర్రవి కుండ పెంకులు, అక్కడక్కడా ఇనుప చిట్టెం. ఒకపక్క క్వారీ గుళ్లను తింటుంది, ఇంకోపక్క రైతులు పాటిమట్టిని ఎరువుగా పొలాలకు తోలుకుంటారు. గుప్తనిధుల వేటగాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. పోయేలోపు కొలిచి, రాసి, బొమ్మ తీసి పెట్టడం ఊరి కుర్రాళ్లు చేయగలిగిన పనే. ఎనిమిది మంది జట్టుకు ఆరు ఆదివారాల్లో నేర్పే పద్ధతి ఇది.

ముందే ఒక మాట. ఇందులో డ్రోన్ ఎగరేయడమే అన్నిటికన్నా సులువైన భాగం. పిల్లలు దానికోసమే వస్తారు కాబట్టి దాన్ని నాలుగో ఆదివారం దాకా బయటికి తీయకండి. కొలత లేని డ్రోన్ ఫొటో, పేరు లేని మ్యాపు రెండూ పెళ్లి వీడియోతో సమానం. చూడ్డానికి బాగుంటాయి, రేపు ఎవరికీ సాక్ష్యంగా పనికిరావు.

మొదటి రెండు ఆదివారాలు: కాళ్లు, చెవులు

1800 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కర్నల్ కాలిన్ మెకంజీ తరఫున కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, వాళ్ల మనుషులు ఊరూరా తిరిగి కైఫీయతులు, అంటే ఊరి చరిత్రలు, రాయించారు. గుడి ఎవరు కట్టించారు, చెరువు ఎవరు తవ్వించారు, ఊరికి ఆ పేరెలా వచ్చింది అని అడిగి రాసుకున్నారు. ఇప్పుడు చేయబోయేది కూడా కైఫీయతే, కాకపోతే పైనుంచి తీసిన బొమ్మ తోడుంటుంది.

మొదటి వారం తహసీల్ నుంచి గ్రామ నక్ష, ఆ చోటు సర్వే నంబర్ల టీపన్ (పొలం హద్దుల కొలతల పటం) కాపీ తెచ్చుకోండి. జట్టంతా నడిచి చూడాలి. చేతిలో నోట్‌బుక్, పెన్సిల్, 10 సెంటీమీటర్ల స్కేలు, దిక్సూచి ఉంటే చాలు. కనిపించిన ప్రతి రాకాసి గుడికి, రాతి వలయానికి, వీరగల్లుకు (వీరుడి గుర్తుగా నిలిపిన రాయి) ఒక నంబరివ్వండి. నంబరు కాగితం మీదే ఉండాలి. రాయి మీద సుద్ద, సున్నం, పెయింటు ఏదీ పడకూడదు. పెంకు కనిపిస్తే ఉన్నచోటే పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి వదిలేయాలి. జేబులో వేసుకున్న పెంకు ఎక్కడిదో వారం తర్వాత వేసుకున్నవాడికే గుర్తుండదు. చోటు తెలియని పెంకు చరిత్రకు ఎందుకూ కొరగాదు. తవ్వడం అసలే వద్దు. భూమిలో పాత నాణేలో నగలో బయటపడితే కలెక్టర్‌కు తెలపాలని 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం చెబుతోంది. ఈ సంగతి పిల్లలకు మొదటి రోజే తెలియాలి.

రెండో వారం పెద్దవాళ్లతో మాటలు. ఫోన్‌లో రికార్డింగ్ మొదలుపెట్టి, తేదీ, ఊరు, మాట్లాడేవారి పేరు, ‘రికార్డ్ చేసుకోవచ్చా తాతా’ అన్న ప్రశ్న, దానికి వచ్చిన జవాబు, అన్నీ ఆ రికార్డులోనే ఉండేలా చూడాలి. ‘మన ఊరి చరిత్ర చెప్పండి’ అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. ‘ఈ గట్టునేమంటరు? అటు పశువులను తోలేటోళ్లా? అక్కడ దీపం పెట్టేది ఏ ఇంటోళ్లు? ఎండాకాలం నీళ్లు ఎక్కడ ఊరేవి?’ అని అడిగితే గంటసేపు చెబుతారు. ఒకే వాడలో అడిగి ఆపకండి. కరణంగారింట్లో వినిపించే కథ వేరు, మాదిగవాడలో వినిపించే కథ వేరు, గొల్లలు మందతో తిరిగిన దారుల్లో పెట్టుకున్న పేర్లు వేరు. ఒకే గుట్టకు మూడు పేర్లుంటే మూడూ రాయాలి, ఏది సరైందో మీరు తేల్చకూడదు. ఆడవాళ్లతో మాట్లాడేందుకు జట్టులో అమ్మాయిలు ఉండాల్సిందే. బోనం ఏ రాయి దగ్గర పెడతారో, ఏ చెట్టు కింద పెట్టరో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

బొందలగడ్డ మీద, ఎవరి కులదైవం చోటు మీదైనా ఎగరేసే పనుంటే ఆ ఇళ్లవాళ్లను ముందే అడగండి. వద్దంటే ఆ చోటు మ్యాపులో ఖాళీగా ఉండిపోతుంది. అలా ఉన్నా తప్పులేదు.

అనుమతులు

ఇది విసుగు పుట్టించే భాగమే, అయినా ఎక్కువ జట్లు ఇరుక్కునేది ఇక్కడే. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల వరకు నానో, అక్కడి నుంచి 2 కిలోల వరకు మైక్రో. నానోకు, వ్యాపారం కోసం కాకుండా ఎగరేసే మైక్రోకు రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అంతకు మించితే 18 ఏళ్లు నిండి, పదో తరగతి పాసై, గుర్తింపు పొందిన సంస్థలో శిక్షణ తీసుకున్నవారే ఎగరేయాలి. సర్టిఫికెట్ అక్కర్లేకపోయినా రిమోట్‌ను 18 దాటినవాళ్ల చేతికే ఇవ్వండి, చిన్నవాళ్లకు నేల మీద పని బోలెడంత ఉంది. డ్రోన్‌కు నమోదు సంఖ్య ఉండాలి. ఆ చోటు ఏ రంగు జోన్‌లో ఉందనేది డిజిటల్ స్కై అనే ప్రభుత్వ వెబ్‌సైట్ మ్యాపులో చూసుకోవాలి. గ్రీన్ జోన్‌లో 400 అడుగులు, అంటే 120 మీటర్ల వరకు ఎగరేయవచ్చు. మనకు 30 చాలు. 2022 ఫిబ్రవరి నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతిపై నిషేధం ఉంది కాబట్టి, బిల్లు, నమోదు లేని సెకండ్‌హ్యాండ్ డ్రోన్ చౌకగా వస్తోందని తీసుకోకండి.

పురావస్తు శాఖ రక్షిత కట్టడమైతే, కేంద్రానిదైనా రాష్ట్రానిదైనా, ఆ శాఖ రాతపూర్వక అనుమతి కావాలి. అడవిలో ఉంటే అటవీశాఖది కూడా కావాలి. ములుగు జిల్లా తాడ్వాయి దగ్గరి దామెరవాయి రాకాసి గుళ్లలాంటివి అడవి మధ్యే ఉన్నాయి. పోలీస్ స్టేషన్‌లో ఒక కాగితం ఇచ్చి, దాని మీద ముద్ర వేయించుకుని, ఆ కాపీని డ్రోన్ పెట్టెలోనే ఉంచండి.

వీటన్నిటికన్నా ముఖ్యమైంది ఊరి అనుమతి. ఇళ్ల స్థలాలను డ్రోన్‌తో కొలిచే స్వామిత్వ సర్వే, భూముల రీసర్వే చూసిన ఊళ్లలో డ్రోన్ అనగానే ‘మా భూమి కొలుస్తున్నారు’ అని గుబులు పుడుతుంది. ముందురోజు పంచాయతీలో డప్పు చాటింపు వేయించి, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ సర్వే నంబరు మీద, ఎందుకు ఎగరేస్తున్నారో చెప్పించండి. మర్నాడు ఉదయం ఆ పొలం రైతునే పక్కన నిలబెట్టుకుని స్క్రీన్ చూపిస్తే సగం తగాదాలు పుట్టకుండానే పోతాయి.

మూడో ఆదివారం: టేపు, లెవల్ పైపు

పాఠమంతటికీ ప్రాణం ఇదే. డ్రోన్‌లోని మామూలు జీపీఎస్, ఫోన్ జీపీఎస్ కొన్ని మీటర్ల దాకా తప్పు చెబుతాయి. ఎత్తు విషయంలో ఇంకా ఎక్కువ. అందుకని నేల మీద గుర్తులు పరచి వాటిని మనమే కొలవాలి.

ఈ గుర్తుకు, అంటే టార్గెట్‌కు, పాత ఫ్లెక్సీ చాలు. 40 సెంటీమీటర్ల చదరపు ముక్క కోసి, నాలుగు గళ్లు చేసి, ఎదురెదురు రెండు గళ్లకు నల్ల రంగు, మిగతా రెండింటికి తెల్ల రంగు వేయండి. మెరిసే పెయింటు వద్దు, ఎండకు తళతళలాడి మధ్య బిందువు కనపడదు. నాలుగు మూలలా మేకు కొట్టాలి, లేకపోతే డ్రోన్ గాలికి లేస్తుంది. ముగ్గుపిండితో గీసిన గుర్తు మేకలు తొక్కేదాకానే ఉంటుంది.

100 మీటర్ల వెడల్పు, 200 మీటర్ల పొడవున్న చోటుకు, అంటే ఐదెకరాలకు, ఏడు టార్గెట్లు కావాలి. అంచు నుంచి 10 మీటర్లు లోపలికి నాలుగు మూలల్లో నాలుగు, దిబ్బ నెత్తిన ఒకటి. మిగతా రెండూ పరీక్షవి. వాటిని కొలుస్తారు గానీ ఫొటోలను అతికి మ్యాపు చేసే సాఫ్ట్‌వేర్‌కు చెప్పరు. పనంతా అయ్యాక మ్యాపు చెప్పే కొలత, టేపు చెప్పిన కొలత ఎంత కలిశాయో ఈ రెండే తేలుస్తాయి. టార్గెట్లు ఒకే వరసలో పెట్టడం అందరూ చేసే తప్పు. అలా పెడితే మోడల్, అంటే ఫొటోల నుంచి సాఫ్ట్‌వేర్ తయారుచేసే నేల ఆకారం, ఆ వరస చుట్టూ ఒక పక్కకు ఒరిగిపోతుంది.

మండల సర్వేయర్ లేదా లైసెన్స్ ఉన్న సర్వేయర్ డీజీపీఎస్ రోవర్‌తో (మామూలు జీపీఎస్ కన్నా చాలా కచ్చితంగా చోటు చెప్పే పరికరం) ఆ ఏడు బిందువులు తీసిస్తే అంతకన్నా కావాల్సింది లేదు, అరపూట పని. దొరకకపోతే 50 మీటర్ల స్టీలు టేపుతో కొలవండి. ఫైబర్ టేపు లాగితే సాగుతుంది. రెండు పొడవులు, రెండు వెడల్పులు, రెండు కర్ణాలు కొలవాలి. మూలమట్టం చూసుకోవడానికి మేస్త్రీలు వాడే 3-4-5 లెక్కనే 30-40-50 మీటర్లకు పెంచి వాడండి. వాలు మీద టేపును నేల వెంట పరిస్తే తప్పొస్తుంది: 10 మీటర్ల దూరంలో నేల మీటరు లేస్తే టేపు 10.05 చూపిస్తుంది. టేపును అడ్డంగా, మట్టంగా పట్టుకుని, లంబం గుండు వదిలి, మెట్లు మెట్లుగా కొలవాలి. ప్రతి దూరం ఇద్దరు వేర్వేరుగా కొలిచి, ఒకరి అంకె మరొకరికి చెప్పకుండా రాసుకోవాలి. 2 సెంటీమీటర్లకు మించి తేడా వస్తే మళ్లీ.

ఎత్తులకు మేస్త్రీల లెవల్ పైపును మించింది లేదు. 20 మీటర్ల పారదర్శకమైన గొట్టంలో కొద్దిగా నీలిమందు కలిపిన నీళ్లు పోసి, రెండు చివరలూ పక్కపక్కన పట్టుకుని నీరు ఒకే మట్టంలో ఉందో లేదో చూడండి. లేదంటే లోపల గాలి బుడగ ఉన్నట్టు. గొట్టం మీద వేలితో కొడుతూ దాన్ని పైకి పంపించాలి. తర్వాత ఒక చివర మొదటి టార్గెట్ మీద, రెండోది 15 మీటర్ల అవతల, రెండింటి పక్కనా టేపు కట్టిన కర్ర. రెండు అంకెల తేడాయే ఎత్తు తేడా. నీళ్లు ఊగడం ఆగేదాకా, అంటే అర నిమిషం, ఓపిక పట్టాలి. ఇలా మెట్టు మెట్టుగా దిబ్బ ఎక్కి, అవతల దిగి, తిరిగి మొదటి టార్గెట్ దగ్గరికే రావాలి. మొత్తం కూడితే సున్నా రావాలి. 2, 3 సెంటీమీటర్ల తేడా ఫర్వాలేదు. 10 వచ్చిందంటే ఎక్కడో ఒక చోట అంకె తప్పుగా చదివారు.

నాలుగో ఆదివారం: డ్రోన్

కోత అయిపోయిన ఖాళీ మైదానంలో మొదలుపెట్టండి. 18 దాటిన ఒక్కొక్కరికి: 5 మీటర్ల ఎత్తున నిమిషం సేపు ఒకేచోట నిలపడం, చదరం మీద తిప్పడం, ముక్కు తనవైపు ఉన్నప్పుడు ఎడమ కుడి తడబడకుండా నడపడం, స్క్రీన్ చూడకుండా దించడం. ముక్కు ఇటు తిరగగానే కొత్తవాళ్లంతా తప్పుపక్కకు తోస్తారు. అదే భయంతో రిమోట్ పుల్లను ఇంకా గట్టిగా తోస్తారు. భయం వేస్తే రెండు చేతులూ పుల్లల మీంచి తీసేయాలి, అప్పుడు డ్రోన్ ఉన్నచోటే నిలబడిపోతుంది. ఈ ఒక్కటీ ఇరవైసార్లు చేయించండి.

ఎగిరే ముందు జట్టును పంచుకోండి. పైలట్ ఒకరు, డ్రోన్ మీంచి కన్ను తీయకుండా ఆకాశాన్నే చూసేవారు ఒకరు, లాగ్ (ఎప్పుడు ఏం చేశారన్న చిట్టా) రాసేవారు ఒకరు, జనాన్ని పశువులను దూరంగా ఉంచేవారు ఇద్దరు. మిగతావాళ్లు టార్గెట్ల దగ్గర. పైలట్‌తో మాట్లాడే హక్కు ఆకాశం చూసేవారికొక్కరికే.

నేరుగా కిందికి చూస్తూ తీసే ఫొటోల లెక్క ఇలా. మామూలు 12 మెగాపిక్సెల్ నానో డ్రోన్ కెమెరాలో సెన్సర్ వెడల్పు 6.17 మిల్లీమీటర్లు, లెన్స్ 4.5 మిల్లీమీటర్లు, ఫొటో వెడల్పు 4000 పిక్సెళ్లు అనుకుందాం. 30 మీటర్ల ఎత్తున ఒక పిక్సెల్ నేల మీద దాదాపు 1 సెంటీమీటరు. ఒక ఫొటోలో పడేది 41 మీటర్లు అడ్డం, 31 మీటర్లు నిలువు. ముందు వెనక ఫొటోలు 80 శాతం ఒకదానిమీద ఒకటి పడాలంటే ప్రతి 6 మీటర్లకు ఒక ఫొటో, పక్క వరసలు 70 శాతం కలవాలంటే వరసకు వరసకు 12 మీటర్లు. సెకనుకు 3 మీటర్ల వేగంతో, ప్రతి 2 సెకన్లకు ఒక ఫొటో. మన ఐదెకరాలకు బయట ఒక్కో వరస ఎక్కువ కలుపుకుని 12 వరసలు, దాదాపు 430 ఫొటోలు, 15 నిమిషాలు. బ్యాటరీ 30 శాతానికి రాగానే ఎక్కడున్నా దించేయాలి. వరస మధ్యలో ఆగిపోతే కొత్త బ్యాటరీతో ఆ వరసను మొదటి నుంచి తీయండి.

కెమెరాను ఆటోలో వదలకండి. ఐఎస్ఓ 100, షట్టర్ సెకనులో 1/1000 వంతు, ఫోకస్ దూరానికి కట్టేసి, వైట్ బ్యాలెన్స్ ఎండకు ఖాయం చేసి పెట్టాలి. షట్టర్ 1/250కి పడిపోతే ఆ కాస్త వ్యవధిలోనే డ్రోన్ 12 మిల్లీమీటర్లు జరుగుతుంది, అంటే పిక్సెల్ కన్నా ఎక్కువ మసక. 1/1000 దగ్గర 3 మిల్లీమీటర్లే. వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంటే మ్యాపు అతుకుల బొంతలా వస్తుంది.

ఇప్పుడు అసలు చిక్కు. కెమెరా నేరుగా కిందికే చూస్తూ తీసిన ఫొటోలతో మాత్రమే మోడల్ చేస్తే, లెన్స్ వంపును సాఫ్ట్‌వేర్ కొంచెం తప్పుగా అంచనా వేసి, చదునైన నేలను కూడా మధ్యలో ఉబ్బినట్టో గిన్నెలా దిగినట్టో చూపిస్తుంది. పాటిగడ్డ దగ్గర ఇది ఘోరమైన తప్పు. అక్కడ మీరు కొలవాలనుకునేదే ఉబ్బు కదా! లేని దిబ్బను పదుల సెంటీమీటర్ల మేర సృష్టించి, ఉన్న దిబ్బను మింగేస్తుంది. రంగులు దిద్దిన మ్యాపులో చూస్తే నిజంలానే ఉంటుంది. మందు రెండు రకాలు: రెండో బ్యాటరీతో, మొదటి వరసలకు అడ్డంగా, కెమెరాను కొంచెం వాల్చి, నేలకు 60 నుంచి 70 డిగ్రీల కోణంలో ఇంకో విడత తీయడం, లెవల్ పైపుతో తీసిన ఎత్తులతో పోల్చడం. దిబ్బ నెత్తిన టార్గెట్ పెట్టమన్నది ఇందుకే.

రాకాసి గుడి ఒక్కొక్కదానికీ విడిగా చుట్టు తిరిగి తీయాలి. 8 మీటర్ల ఎత్తున, కెమెరా 45 డిగ్రీలు వాల్చి, ప్రతి 10 డిగ్రీలకు ఒకటి చొప్పున 36. తర్వాత 4 మీటర్లకు దించి ఇంకో 36, చెట్లు అడ్డు లేకపోతేనే. కప్పుబండ కింది చీకటి డ్రోన్‌కు అందదు, అక్కడ ఫోన్‌తో మోకాళ్ల మీద కూర్చుని తీయాల్సిందే. చేయి పెట్టేముందు టార్చి వేసి చూడండి, పాములకు అంత చల్లని చోటు ఇంకోటి లేదు.

దిగుడు బావిలోకి డ్రోన్ దించకండి. గోడల మధ్య జీపీఎస్ పోతుంది, గాలి గోడకు తగిలి తిరిగొచ్చి డ్రోన్‌ను ఊపేస్తుంది. పైనుంచి 20 మీటర్ల ఎత్తున తీసి, మెట్ల మీంచి ఫోన్‌తో గోడలు తీసి రెండూ కలపాలి. రెండింట్లోనూ పడే టార్గెట్లు కనీసం మూడు పై అంచున ఉంటేనే అవి కలుస్తాయి.

కాలం, ఎండ, తేనెటీగలు

శివరాత్రి తర్వాత మార్చి నెలాఖరు దాకా ఉన్న కాలం మంచిది. గడ్డి ఎండి రాళ్లు బయటపడతాయి, ఎండ ఇంకా ముదరదు. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో చాలా డ్రోన్ల బ్యాటరీ హద్దు అయిన 40 డిగ్రీలు దాటిపోతుంది, అంతకు ముందే ఫోన్ స్క్రీన్ వేడెక్కి నల్లబడుతుంది. సర్కారు తుమ్మ కమ్మేసిన చోట డ్రోన్ ఏమీ చేయలేదు. కొట్టేయాలనిపిస్తుంది గానీ, పట్టాదారు, శాఖ ఒప్పుకోకుండా ఒక్క కొమ్మా నరకకూడదు. వేళ్లతో పీకితే కింద రాళ్లు కదులుతాయి కూడా.

మ్యాపు కోసం తీసే ఫొటోలకు నీడలు పొట్టిగా ఉండే 11 నుంచి 1 మధ్య, లేదా పలచని మబ్బు పట్టిన రోజు. కానీ పూడిపోయిన రాతి వలయాలు, పాత గోడల గట్లు వెతకాలంటే దీనికి సరిగ్గా వ్యతిరేకం. పొద్దు పొడిచిన అరగంటలో ఏటవాలు ఎండలో జానెడు ఎత్తున్న గట్టు కూడా గజం నీడ పరుస్తుంది. ఆ వేళ 50 మీటర్ల నుంచి పది ఇరవై ఫొటోలు విడిగా తీసి పెట్టుకోండి, వాటిని మ్యాపు ఫొటోలతో కలపకండి. తొలకరి తర్వాత పైరు మొలిచాక ఒకసారి వెళ్తే ఇంకో బహుమతి: కింద రాయి ఉన్నచోట మొక్క ముందే వాడుతుంది, పూడిన గుంత ఉన్నచోట పచ్చగా, ఎత్తుగా పెరుగుతుంది. పైనుంచి చూస్తే ఆకారం తెలిసిపోతుంది.

పెద్ద తేనెపట్టులు బండల కింద, పాత గోపురాలకు ఉంటాయి. డ్రోన్ మోతకు లేస్తే డ్రోన్ సంగతి సరే, కింద ఉన్న మనుషులకు ప్రాణం మీదికి వస్తుంది. ముందురోజు నడిచి చూడండి, పట్టు కనిపిస్తే ఆ పక్కకే పోకండి. గద్ద వెంటపడితే పైకి లేపి, అది తగ్గాక పక్కకు తప్పించి దించాలి. 11 కేవీ తీగలు స్క్రీన్ మీద కనపడవు, స్తంభాలను చూసి లెక్కకట్టాలి. సిగ్నల్ పోతే తిరిగొచ్చే ఎత్తును అక్కడి అతి పెద్ద చెట్టు, టవరు కన్నా కనీసం 10 మీటర్లు ఎక్కువ పెట్టండి. బైకుల పక్కన, బోరు మోటారు పక్కన, ఇనుప చువ్వలున్న సిమెంటు మీద కంపాస్ సరిచేయకూడదు. ఎర్రమట్టి మీంచి లేపితే దుమ్ము మోటార్లలోకి పోతుంది, బరకం పరిచి నాలుగు మూలలా రాళ్లు పెట్టండి. పాత వలయం రాళ్లు కాదు సుమా, వేరేవి.

ఐదో ఆదివారం: కంప్యూటర్

ఫొటోలను కలిపి మ్యాపు, మోడల్ చేసే వెబ్‌ఓడీఎమ్, మ్యాపు మీద పేర్లు ఎక్కించే క్యూజీఐఎస్, మోడల్‌ను కొలిచే క్లౌడ్‌కంపేర్, మూడూ ఉచితమే. 250 ఫొటోలకు 16 జీబీ ర్యామ్, 500కు 32 జీబీ ఉండాలి. లేకపోతే సగంలో పని ఆగిపోతుంది, కారణం కూడా సరిగ్గా చెప్పదు. అడ్డ విడతతో కలిపి ఫొటోలు 700 దాటాయంటే రెండు ముక్కలుగా చేయించండి, లేదా ఫొటో సైజు తగ్గించే ఐచ్ఛికం వాడండి. ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబు ఒక రాత్రికి ఇప్పించుకోగలిగితే ఈ బాధే లేదు.

సర్వేయర్ బిందువులు ఇచ్చి ఉంటే వాటి జోన్ చూసుకోవాలి. యూటీఎమ్ పద్ధతిలో భూమిని రేఖాంశాల వెంట పట్టీలుగా విడగొట్టి ఒక్కోదానికి జోన్ నంబరిస్తారు. 78 డిగ్రీల రేఖాంశానికి తూర్పున ఉన్న తెలంగాణలో ఎక్కువ భాగం, కోస్తా యూటీఎమ్ 44 ఉత్తర జోన్‌లోకి వస్తాయి, కోడ్ 32644. దానికి పడమర 43, కోడ్ 32643. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కిన ముడుమాల నిలువురాళ్లున్న నారాయణపేట జిల్లా ఈ 43 కిందికి వస్తుంది. తప్పు జోన్ ఇస్తే మీ పాటిగడ్డ వందల కిలోమీటర్ల అవతల తేలుతుంది. ఒక్కో టార్గెట్‌ను కనీసం ఐదు ఫొటోల్లో గుర్తించండి. మధ్య బిందువు మీద సరిగ్గా నొక్కాలి, ఆదరాబాదరాగా నొక్కితే టేపుతో పడ్డ కష్టమంతా వృథా.

టేపు కొలతలే ఉంటే, మోడల్‌ను క్లౌడ్‌కంపేర్‌లో తెరిచి రెండు టార్గెట్ల మధ్య దూరం చూడండి. టేపు 49.62 మీటర్లు, మోడల్ 48.90 అంటే, మొదటిదాన్ని రెండోదానితో భాగించి వచ్చిన 1.0147తో మోడల్‌ను మొత్తం పెంచాలి. తర్వాత పరీక్ష టార్గెట్ల దూరం చూడండి. 3 సెంటీమీటర్లలోపు కలిస్తే మంచి పని. 10 దాటితే మ్యాపు మీద ఆ మాట రాసి పెట్టండి, దాచకండి.

అసలు ఫొటోలు ఒక్కటీ చెరపకూడదు. రెండు హార్డ్ డిస్కుల్లో, రెండూ వేర్వేరు ఇళ్లలో, మూడోది జిల్లా గ్రంథాలయంలోనో కాలేజీలోనో. వాట్సాప్‌లో పంపిన ఫొటో నాణ్యత తగ్గి, అక్షాంశ రేఖాంశాలు పోగొట్టుకుని వస్తుంది, దాన్ని అసలుగా లెక్కించకండి. ఫోల్డర్ పేరులో ఊరు, సర్వే నంబరు, తేదీ, విడత నంబరు. కొలతలు, లాగ్, పేర్లు మామూలు టెక్స్ట్ ఫైలులో, యూనికోడ్ తెలుగులో.

ఫేస్‌బుక్‌లో, యూట్యూబ్‌లో పెట్టేముందు ఆగండి. ఫొటోలోపల దాగిన జీపీఎస్ వివరాలు తుడిచేసి, దారి తెలిసేలా ఉన్న చెరువు కట్ట, మైలురాయి లేని ఫొటోనే పెట్టాలి. ‘వేల ఏళ్ల నాటి సమాధులు’ అన్న శీర్షిక చదివేవాళ్లలో చరిత్ర మీద ప్రేమ ఉన్నవాళ్లకన్నా ముందు గడ్డపార ఉన్నవాడు బయల్దేరుతాడు. ఖచ్చితమైన చోటు పురావస్తు శాఖకు, పంచాయతీకి మాత్రమే ఇవ్వండి.

ఆరో ఆదివారం: రచ్చబండ

ఆర్థోఫొటోను, అంటే ఫొటోలన్నీ అతికి చేసిన పైనుంచి చూసే మ్యాపును, ఫ్లెక్సీ షాపులో 4 అడుగుల వెడల్పున వేయించి, రచ్చబండ మీద పరచండి. మ్యాపులో ఉత్తరం నిజమైన ఉత్తరం వైపే ఉండేలా తిప్పాలి. ఇది మరిచిపోతే ముసలివాళ్లకు అంతా తారుమారుగా కనిపించి, ‘మాకేం తెలుస్తది బిడ్డా’ అని లేచిపోతారు. ముందు చెరువు కట్ట చూపించాలి, తర్వాత గుడి, తర్వాత వాళ్లింటి పెంకులు. ఒకసారి తమ ఇల్లు దొరికిందంటే ఇక మీరు ఆపలేరు: ఇక్కడ కోటగోడ ఉండె, ఇక్కడ మోట బావి పూడ్చిన్రు, గీ దారెంబడే జాతర బండ్లు వచ్చేటియి.

మ్యాపు మీద పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు పరిచి, స్కెచ్ పెన్నుతో వాళ్లతోనే గీయించండి. ఒక్కో వాడకు ఒక్కో షీటు, ఒక్కో రంగు. షీటు మూలల్లో మ్యాపుతో కలిసే నాలుగు ప్లస్ గుర్తులు ముందే వేయకపోతే రేపు దాన్ని ఎక్కడ ఆనించాలో తెలియదు. పక్కన రికార్డింగ్ నడుస్తూ ఉండాలి. పెన్ను కదిలినప్పుడల్లా లాగ్ రాసేవారు సమయం, షీటు మీద నంబరు రాసుకోవాలి. ఆ పేర్లన్నీ క్యూజీఐఎస్‌లోకి ఎక్కించేటప్పుడు, చెప్పినవారు ఎలా పలికారో అలాగే రాయండి. పుస్తక భాషలోకి దిద్దకండి. ‘పాటిమీది గడ్డ’ను ‘ప్రాచీన స్థలం’ చేసేస్తే ఆ పేరులో ఉన్నదంతా పోతుంది.

మళ్లీ వచ్చే ఏడు

ఏడు టార్గెట్లలో కనీసం మూడింటిని సర్వే హద్దురాళ్ల పక్కన, మళ్లీ దొరికే చోట పెట్టి, రెండు స్థిరమైన గుర్తుల నుంచి దూరాలు రాసుకోండి. ఏటా శివరాత్రి దాటాక అదే ఎత్తున, అవే వరసలు. పాత ఎత్తుల మ్యాపులోంచి కొత్తది తీసేస్తే ఏది తరిగిందో కనిపిస్తుంది. 5 సెంటీమీటర్లలోపు తేడాను పట్టించుకోకండి, అది కొలత తప్పే కావచ్చు. అదే 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు చోట 60 సెంటీమీటర్లు దిగిందంటే 60 ఘనపు మీటర్ల మట్టి పోయినట్టు. ట్రాక్టర్ ట్రాలీకి 3 ఘనపు మీటర్లు పట్టుకుంటే ఇరవై ట్రిప్పులు. రెండు మ్యాపులు, రెండు తేదీలు, ఈ లెక్క ఒకే కాగితం మీద వేసి సర్పంచ్‌కు, తహసీల్దార్‌కు, పురావస్తు శాఖకు ఒక్కో కాపీ ఇచ్చి, రసీదు తీసుకోండి.